మైకాసురుడు వద్దన్న సీటు

"నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు, ఆ సంగతి మీ అందరికీ తెలుసు," అన్నాడు మైకాసురుడు, టీకొట్టు ముందు బల్లమీద రెండు కాళ్లూ పైకి లాక్కుని బాసింపట్టు వేసుకుంటూ.

ఆ మాటకి సెలూన్ తమ్ముడికి టీ పొలమారింది. పక్కనే గుమాస్తా తాతగారు కూర్చున్నారు. ఆయన రిటైరై చాలా కాలమైనా చొక్కా జేబులో పెన్ను లేకుండా బయటికి రాని మనిషి. సెలూన్ తమ్ముడి వీపు మీద రెండు చరిచి, "మరే, నువ్వు గొప్పలు చెప్తావని ఎవడన్నాడు నాయనా?" అన్నారు.

మైకాసురుడు అనేది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు, వీధి పెట్టిన పేరు. టీకొట్టుని ఆనుకుని ఉన్న మైకుల కొట్టు అతనిది. పెళ్లయినా మీటింగయినా మైకులూ స్పీకర్లూ అతనే అద్దెకిస్తాడు, వాటి వెంట తనే వెళ్తాడు, ఎవరూ అడక్కపోయినా నాలుగు మాటలు మాట్లాడి వస్తాడు. ఒకసారి మైకు చేతికొచ్చిందా, పెళ్లికొడుకు వచ్చి బతిమాలినా ఇవ్వడు. మైకు లేని సాయంత్రాలకి ఈ టీకొట్టు ఉంది.

రేకు గోడకి అవతల, సగం ఎత్తిన షట్టర్ కింద, అతని కూతురు నేలమీద కూర్చుని వైరు చుడుతోంది. ఇంట్లో అమ్మలు అంటారు, వీధి కూడా అదే అంటుంది. మర్నాడు ఏదో మీటింగుకి సెట్టు వెళ్లాలి. యాంప్లిఫయర్ కాసేపు వేడెక్కనిచ్చి, షట్టర్ పైనున్న హారన్‌లో గొంతు సరిగా పలుకుతోందో లేదో చూసి కట్టేయమని చెప్పి నాన్న టీకి వెళ్లాడు. స్కూలు చదువు అయిపోయినప్పటి నుంచీ ఆమె పని ఇదే. రేకు గోడ దొంగల్ని ఆపుతుందేమో గాని మాటల్ని ఆపదు. ఇవాళ్టి కథ ఏమిటో ఆమెకి మొదటి ముక్కకే అర్థమైపోయింది. కొన్నాళ్లుగా రోజూ అదే కథ, రోజూ జానెడు చొప్పున పెరుగుతోంది.

"మా అమ్మలుకి వాలీబాల్ నేర్పింది ఎవరనుకున్నారు?"

"స్కూల్లో గేమ్స్ మేడమ్ కాదూ?" అంది టీకొట్టు అక్క, పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ.

"మేడమ్ నేర్పింది రూల్సక్కా. ఎక్కడ నిలబడాలి, ఎవరు ముందు, ఎవరు వెనక, అవీ. అసలు ఆట నేర్పింది నేను. అప్పుడు పిల్ల నా నడుందాకా కూడా రాదు. నెట్టు కొందామంటే కుదరలా. కుదరకపోతే ఊరుకునేవాణ్ణా నేను? రెండు స్పీకర్ స్టాండ్లు తెచ్చి మన వెనక సందులో నిలబెట్టి, మధ్యలో మైకు వైరు కట్టి, అమ్మా, ఇదే నీ నెట్టు, దాటించు చూద్దాం అన్నా. పొద్దున్నే మొదలెట్టి ఎండ నడినెత్తికొచ్చేదాకా విసురుతూనే ఉన్నా బంతి. భుజం పట్టేసింది. అయినా ఆపలా. అదీ మొదలు."

ఇంతవరకు నిజమే. వైరు చుడుతున్న అమ్మలు చేతులు ఒక్క క్షణం ఆగాయి. ఆ సెలవురోజు ఆమెకి బాగా గుర్తు. నాన్నకి బంతి విసరడం రాదు. విసిరినప్పుడల్లా వెళ్లి పక్కింటి గోడకి తగిలేది, పక్కింటావిడ కిటికీ తీసి తిట్టేది, తండ్రీ కూతుళ్లు పడీ పడీ నవ్వేవాళ్లు. అమ్మ అన్నానికి పిలిచి పిలిచి విసిగిపోయింది. ఆ రోజు కథ ఎన్నిసార్లు విన్నా ఆమెకి విసుగు రాదు. అక్కడితో ఆగితే ఎంత బాగుండు అనుకుంటుంది, నాన్న ఒక్కనాడూ ఆపడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? వారం తిరక్కుండా, వైరు దాటించడం కాదు, వైరే తెంపేసింది. బంతితో! లోపల రాగి, పైన రబ్బరు తొడుగు, ఏనుగుని కట్టినా ఆగే సరుకు. బంతి తగిలి టప్పున తెగింది. సరే కదా అని ఇనపతీగ కట్టా, అదీ గోవిందా. ఇక లాభం లేదని కరెంటు స్తంభం ఎత్తుకి తాడు కట్టి, దీని మీంచి కొట్టవే చూస్తా అన్నా. కొట్టేసింది!"

"పిల్ల పొట్టిగదటయ్యా," అన్నారు తాతగారు.

"పొట్టే. కాదన్నానా? నేలమీద ఉన్నంతసేపు పొట్టే. ఎగిరిందంటే... మీకెలా చెప్పాలి తాతగారూ, స్కూల్లో అది ఎగిరితే, మేడమీద పాఠం చెప్తున్న లెక్కల మాస్టారు కిటికీలోంచి చూసి, ఏమ్మా, హోంవర్కు చేశావా అని అడిగేవాడు. చేశాను సార్ అని పైనుంచే జవాబు చెప్పి, అప్పుడు తీరిగ్గా కిందికి దిగుతూ బంతి కొట్టేది."

బల్ల అంతా నవ్వింది. సెలూన్ తమ్ముడు కళ్లు తుడుచుకుంటూ, "ఆ లెక్కల మాస్టారికి గడ్డం గీసేది నేనే అన్నా. ఒక్కనాడూ చెప్పలేదే ఈ సంగతి?" అన్నాడు.

"నువ్వు కత్తి పీకమీద పెట్టాక మాట్లాడతాడా ఎవడైనా?"

మళ్లీ నవ్వులు. బల్ల చివర ఒక కొత్త మనిషి కూర్చుని ఉన్నాడు, ఖాకీ చొక్కా, చేతులకి ఇంజనాయిలు మరకలు. అతను మాత్రం నవ్వలేదు. పక్క వీధి షెడ్డులో బస్సేదో బాగుచేయిస్తూ వారం పది రోజులుగా అతను ఈ వేళకి టీకి వస్తున్నాడు. చక్కెర లేని టీ తాగుతాడు, ఎవరితోనూ మాట్లాడడు. నవ్వని మనిషి కనబడితే మైకాసురుడికి చేతులు దురద పెడతాయి. ఇంకాస్త అతని వైపు తిరిగి కూర్చున్నాడు.

అవతల అమ్మలు వైరు చుట్ట పక్కనపెట్టి ఇంకోటి తీసింది. ఆమె జీవితంలో ఎన్నడూ స్మాష్ కొట్టే ఆటగత్తె కాదు. ఆమె సెట్టర్. వెనకున్నవాళ్లు పడుతూ లేస్తూ కాపాడిన బంతిని వేళ్ల చివర మీద తీసుకుని, నెట్టు పక్కన కావలసినంత ఎత్తుకి లేపిపెడితే, కొట్టేవాళ్లు పరుగున వచ్చి కొడతారు. చప్పట్లన్నీ బంతి కొట్టినవాళ్లకే పోతాయి, లేపినవాళ్లని చూసేవాళ్లు తక్కువ. చూసినవాళ్లలో గేమ్స్ మేడమ్ ఒకరు. "బంతిని బాదేవాళ్లు ప్రతి స్కూల్లోనూ ఉంటారే, బాదించేవాళ్లే దొరకరు," అనేది. అమ్మలు లేపిన బంతుల్ని బాదేది ఆమె స్నేహితురాలు పొడుగు పిల్ల. దాని అడుగుల చప్పుడు వింటే చాలు, వెనక్కి తిరిగి చూడకుండానే అమ్మలు దాని చేతికి బంతి పంపేది. ఆ పని చేస్తున్నప్పుడు ఆమెకి లోకంలో ఇంకేం అక్కర్లేదనిపించేది.

నాన్నకి మాత్రం ఇది ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు. "నువ్వెప్పుడు కొడతావే?" అని అడిగేవాడు మ్యాచి చూసి వచ్చి. "నేను కొట్టను నాన్నా, లేపుతాను," అంటే మొహం అదోలా పెట్టేవాడు. "అంటే పక్కదానికి అందిస్తావా? దానికా ఇంత కష్టం?" అనేవాడు. ఆ తర్వాత ఆమెని అడగడం మానేసి, తనకి నచ్చిన కూతుర్ని టీకొట్టు దగ్గర తనే తయారు చేసుకున్నాడు.

"ఇక సెలెక్షన్ మ్యాచి సంగతి చెప్తా వినండి," అన్నాడు మైకాసురుడు, గ్లాసు కింద పెట్టి. "కాలేజీవాళ్లు వచ్చారు. మామూలు కాలేజీ కాదు, వాలీబాల్ అంటే ప్రాణమిచ్చే కాలేజీ. ఆటలో సీటొచ్చిందంటే చదువూ హాస్టలూ తిండీ అన్నీ వాళ్లవే. గ్రౌండుకి మైకు కావాలన్నారు. డబ్బులొద్దు, నా కూతురి మ్యాచికి నేను డబ్బు తీసుకుంటానా, పెట్టుకోండి అని నేనే దగ్గరుండి కట్టించా. మైకు నా చేతిలో ఉందన్నమాటే గాని, నేను ఎక్కువ మాట్లాడలేదు సుమండీ."

"నువ్వా?" అంది టీకొట్టు అక్క.

"అక్కా, మధ్యలో రాకు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పిల్ల ఎగిరింది. గ్రౌండంతా ఊపిరి బిగబట్టింది. అది పైకి వెళ్లింది, వెళ్లింది, జనం మెడలు వెనక్కి వాలిపోతున్నాయి, రిఫరీ విజిల్ నోట్లో పెట్టుకుని ఊదడం మర్చిపోయాడు. అప్పుడు కొట్టింది ఒక్క స్మాష్. ఆ చప్పుడు నా మైకు పట్టుకుంది. మైకు పట్టుకున్న చప్పుడు హారన్లలోంచి ఊరి మీద పడింది. ఏం జరిగుంటుందో చెప్పండి?"

"ఏం జరిగింది?"

"ఊరంతా దండేల మీద ఆరేసిన బట్టలు లోపలికి తీసుకుపోయారు. ఉరిమిందనుకుని!"

తాతగారు పెన్ను తీసి మళ్లీ జేబులో పెట్టుకున్నారు. అది ఆయన మెచ్చుకునే పద్ధతి.

"ఆ ఆదివారం మా ఆవిడా తీసింది బట్టలు," అన్నాడు సెలూన్ తమ్ముడు ఆలోచనగా. "అయితే అది ఇదేనా?"

"ఇంకేమిటి మరి! చినుకు పడిందా ఆ రోజు? పడలేదు కదా? అదీ. ఇక బంతి సంగతి. అవతలి టీము పిల్లలు ఏం చేశారు? తలో వైపుకి పడుకున్నారు, తలలు పట్టుకుని. బంతి నేలకి తగిలి పైకి లేచి, కాంపౌండు గోడ దాటి, రోడ్డు దాటి, పోతున్న పాలవ్యాను టాపు మీద పడి, దానితోపాటే వెళ్లిపోయింది. సాయంత్రం వ్యానువాడే తెచ్చిచ్చాడు. ఇంకా వెచ్చగా ఉంది బంతి! మ్యాచి అక్కడితో ఆపేశారు. అవతలి స్కూలు హెడ్‌మాస్టరు నా దగ్గరికొచ్చి, అయ్యా, మా పిల్లల్ని క్షేమంగా ఇంటికి చేర్చే పూచీ మాది, దయచేసి మీ అమ్మాయిని ఇంక ఆడనివ్వకండి అని దణ్ణం పెట్టాడు."

అమ్మలు పళ్లు బిగించింది. మ్యాచి నిజంగానే ఆ రోజు చెడిపోయింది, కాని ఇలా కాదు.

ఆ రోజు కాలేజీ కోచ్ వచ్చిందే సెట్టర్ కోసం. మేడమ్ ముందే చెవిలో చెప్పింది. "నీకేం కొత్తగా చేయక్కర్లేదు. రోజూ ఆడినట్టు ఆడు, చాలు." మొదట కాసేపు ఆమె రోజూ ఆడినట్టే ఆడింది. కోచ్ తలూపడం కూడా ఆమె ఓరకంట చూసింది. అప్పుడు హారన్లలోంచి నాన్న గొంతు వచ్చింది. "అందించకమ్మా, అందించకు! నువ్వే కొట్టు! చూడండి, ఇప్పుడు నా కూతురు కొడుతుంది, చూడండి!" గ్రౌండులో ఉన్న జనమంతా ఆమె వైపు తిరిగారు. నాన్న వాళ్లలో ఎంతమందికి ఎన్ని చెప్పి ఉంటాడో ఆమెకి తెలుసు. ఇప్పుడు తను కొట్టకపోతే ఆ మైకు పట్టుకున్న మనిషి ఆ జనం మధ్య ఏమైపోతాడో కూడా తెలుసు. పొడుగు పిల్ల అడుగుల చప్పుడు వినిపిస్తూనే ఉంది. అయినా ఎగిరి తనే కొట్టింది. బంతి నెట్టుకి తగిలి కాళ్ల దగ్గర పడింది. "పరవాలేదు, మళ్లీ!" అన్నాయి హారన్లు. మళ్లీ కొట్టింది, మళ్లీ నెట్టుకే. నాన్న ఆపలేదు, ఆమె ఆపలేదు. మేడమ్ అరిచిన అరుపు హారన్ల హోరులో కలిసిపోయింది. కోచ్ కాసేపు చూసి, వేరే పిల్లల వైపు తిరిగాడు. సెట్టర్ దొరకలేదనుకుని సీటు పొడుగు పిల్లకి ఇచ్చాడు, అమ్మలుకి రాలేదు.

ఇంటికొచ్చాక నాన్నని ఒక్క మాట అనలేదు. అమ్మ ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికి వచ్చి, ఆవిరికి ఉబ్బిన వేళ్లతో ఆమె తల నిమిరింది. ఆ సీటు లేకుండా కాలేజీ మాట ఎత్తే పరిస్థితి ఆ ఇంట్లో లేదని ముగ్గురికీ తెలుసు. నాన్న మాత్రం ఆ రాత్రి భోంచేయలేదు. అప్పుడు అతని మీద జాలిపడింది అమ్మలు. మర్నాడు సాయంత్రం టీకొట్టు దగ్గర అతని గొంతు మామూలుగానే లేచింది. అప్పటినుంచి ఆ జాలి కాస్త కాస్తగా విరిగిపోతూ వచ్చింది.

"మరి సీటేమైందయ్యా?" అని అడుగుతున్నారు తాతగారు. "అంత ఆట ఆడితే పిల్ల ఇంకా ఇక్కడే వైర్లు చుడుతోందేం?"

ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాడు మైకాసురుడు.

"అదీ అడగాలి! కాలేజీ కోచ్ వచ్చాడు మా ఇంటికి. ఆయనొక్కడేనా? వెనకాల ఇంకో కాలేజీ కారు, దాని వెనక ఇంకోటి. సందులో కార్లు పట్టక, నువ్వు వెనక్కి తియ్యి అంటే నువ్వు వెనక్కి తియ్యి అని కోచ్‌లు కాలర్లు పట్టుకున్నారు. మా ఆవిడ అందరికీ మంచినీళ్లిచ్చి విడదీసింది. మొదటాయన నా కాళ్లు పట్టుకున్నాడు. అయ్యా, మీ పిల్లకి సీటిస్తాం, హాస్టల్లో మేడమీద గది ఇస్తాం అన్నాడు. నేను మాట్లాడలా. ప్రిన్సిపాల్ గది ఖాళీ చేయించి ఇస్తాం అన్నాడు. ఊహూ. ఆఖరికి, అయ్యా, పిల్ల రాకపోతే కాలేజీనే మీ వీధి చివరికి మార్చుకుంటాం, స్థలం చూపించండి అన్నాడు. చూపిద్దును గాని, మన వీధి చివర డ్రైనేజీ పని జరుగుతోందిగా!"

టీకొట్టు అక్క కొంగుతో నోరు మూసుకుంది.

"నేను ఒకటే మాట చెప్పా. నా కూతుర్ని పంపను. వద్దు మీ సీటు. తీసుకుపొండి అన్నా. ఏం, డబ్బున్నవాళ్లేనా వద్దనగలిగేది? పిల్ల కూడా ఏమందో తెలుసా? నాన్నా, నిన్ను వదిలి నేనెక్కడికీ వెళ్లను, నాకీ కొట్టే చాలు అంది."

అమ్మలు చేతిలోని వైరు నేలమీద పడింది. ఇది కొత్త ముక్క. ఇన్నాళ్లూ కోచ్‌ల కాలర్లూ పాలవ్యాన్లూ పెరిగాయి, పెరగనీ అనుకుంది. ఇవాళ తన నోట్లో మాట పెట్టాడు. ఆ మాట రేపటి నుంచి వీధిలో తిరుగుతుంది, పెళ్లి చూపులదాకా వస్తుంది, ముసలిదయ్యాక కూడా తన పేరు మీదే ఉంటుంది.

"అన్నా," అన్నాడు బల్ల చివరి మనిషి. అతని గొంతు అక్కడెవరూ అంతవరకు వినలేదు. "ఒక మాట అడుగుతా, ఏమనుకోకు. పోయినవారం కూడా నువ్వు ఇదే చెప్పావు, సీటు వద్దన్నానని. అది నిజమేనా?"

"నిజం కాక? నువ్వెవరు బాబూ?"

"ఆ కాలేజీ బస్సు నేనే నడుపుతా."

పాలు పొంగాయి. టీకొట్టు అక్క చూసుకోలేదు.

"కోచ్‌గారు మీ ఇంటికి రాలేదని నాకు తెలుసు," అన్నాడు డ్రైవరు, నేలచూపులు చూస్తూ. "వస్తే నా బండిలోనే కదా రావాలి. అది పోనీ అన్నా, టీ దగ్గర ఎవరైనా నాలుగు మాటలు ఎక్కువే అంటారు. నా గోల వేరు. మీ స్కూలు నుంచి వచ్చిన పొడుగు పిల్ల ఉంది కదా, అది అక్కడ సరిగ్గా కొట్టలేకపోతోంది. కోచ్‌గారు తిడితే ఏడ్చి, నాకు బంతి లేపింది మా అమ్మలే సార్, మీరు చూసిన రోజు అది తనలా ఆడలేదు, ఒక్కసారి పిలిచి చూడండి అని రోజూ నస పెడుతోంది. ఆయనకీ సెట్టరు కుదరలేదు. పిలుద్దామనుకున్నాడు. అంతలో నేను ఇక్కడ నీ మాట విని, వెళ్లి, వాళ్ల నాన్న పంపడట సార్, ఎంత చెప్పినా వద్దంటున్నాడట అని చెప్పేశా. నిజమే అనుకున్నా మరి."

షట్టర్ కింద అమ్మలు లేచి నిలబడింది.

"రేపు పొద్దున ఆఖరుసారి పిల్లల్ని చూస్తారు," అన్నాడు డ్రైవరు. "వెళ్లి కనుక్కురా, నిజంగా వద్దంటే ఇంకో పిల్లని పిలుస్తానన్నాడు కోచ్‌గారు. అందుకే అడుగుతున్నా. వద్దన్నావా, లేదా?"

చాలా చిన్న ప్రశ్న. లేదు బాబూ, ఊరికే అన్నాను అంటే చాలు. కూతురికి చదువు వస్తుంది, ఆట వస్తుంది. రేకు గోడకి ఇవతల అమ్మలు గుడ్లప్పగించి ఎదురుచూస్తోంది. చెప్పు నాన్నా, ఒక్కసారి చెప్పెయ్, నేను ఈ జన్మలో నిన్ను ఏమీ అడగను అనుకుంది. నిజంగానే అడగదు.

మైకాసురుడు డ్రైవరుని చూశాడు. తాతగారిని చూశాడు, సెలూన్ తమ్ముణ్ణి చూశాడు, గరిటె పట్టుకుని తనవైపే చూస్తున్న టీకొట్టు అక్కని చూశాడు. రేపు సాయంత్రం కూడా ఈ మొహాల ముందే కూర్చోవాలి. గొంతు సవరించుకున్నాడు. ఒకసారి రేకు గోడ వైపు తిరిగాడు, వెంటనే తల తిప్పుకున్నాడు.

"నేను... నేనొకసారి వద్దన్నానంటే," అన్నాడు, నీళ్లు నములుతూ, "వద్దన్నట్టే."

డ్రైవరు తల ఊపి గ్లాసు కింద పెట్టి లేచాడు. "సరే అన్నా. నీ ఇష్టం."

అప్పుడు షట్టర్ పైనున్న హారన్ కీచుమంది. చెవులు గింగురుమన్నాయి. వీధిలో నడిచేవాళ్లు నిలబడిపోయారు. తర్వాత అందులోంచి ఒక ఆడపిల్ల గొంతు వచ్చింది, వణుకుతూ, మరీ దగ్గరగా.

"మా నాన్న వద్దనలేదు. వాళ్లే నన్ను వద్దన్నారు."

మైకాసురుడు బల్లమీంచి దిగాడు. ఒక చెప్పు కాలికి దొరకలేదు.

"మా ఇంటికి ఎవరూ రాలేదు. ఎవరూ కాళ్లు పట్టుకోలేదు. నేను స్మాష్ కొట్టను. నాకు కొట్టడం రాదు. నేను సెట్టర్‌ని, బంతి లేపుతాను, అది బాగా లేపుతాను." కాసేపు హారన్‌లో ఊపిరి చప్పుడు మాత్రమే వినిపించింది. "ఆ రోజు మా నాన్న మైకులో కొట్టమన్నాడు. అంతమంది ముందు నాన్న మాట పోతుందని కొట్టాను. అన్నీ నెట్టుకే కొట్టాను. అందుకని నా సీటు పోయింది. నాకీ కొట్టు చాలని నేనెప్పుడూ అనలేదు. నాకు చాలదు."

"డ్రైవర్ గారూ, రేపు పొద్దున వస్తున్నానని చెప్పండి."

స్విచ్చి టక్కుమంది. వీధికి మళ్లీ మామూలు చప్పుళ్లు వచ్చాయి. డ్రైవరు హారన్ వైపే చూస్తూ, ఎవరికి చెప్తున్నాడో తెలియనట్టు, "చెప్తా తల్లీ, ఇప్పుడే చెప్తా," అని ఫోను తీసుకుంటూ వెళ్లిపోయాడు. ఒక ఆడమనిషి మేడమీంచి తొంగిచూసి, ఎవరూ ఏమీ చెప్పకపోయేసరికి లోపలికి వెళ్లింది. పొయ్యి మీద మాడిన పాలవాసన వేస్తోంది.

"మరి ఆ రోజు మా ఆవిడ బట్టలెందుకు తీసినట్టు?" అన్నాడు సెలూన్ తమ్ముడు. ఏదో ఒకటి అనాలి గనక అన్నాడు. ఎవరూ నవ్వలేదు. తాతగారు కర్ర వెతుక్కుని లేచి, మైకాసురుడి భుజం మీద చెయ్యి వేయబోయి, వేయకుండానే వెళ్లారు.

మైకాసురుడు ఒక కాలికి చెప్పుతో కొట్టులోకి వచ్చాడు. అమ్మలు మైకు స్టాండుకి తగిలించి, యాంప్లిఫయర్ ఆపి, మిగిలిన వైరు చుట్టడం మొదలుపెట్టింది. ఎక్కడా మెలిపడకుండా చుడుతోంది. అలా చుట్టడం నేర్పింది అతనే. అది మాత్రం కోతలు కాదు, నిజం.

అతను షట్టర్ పట్టుకుని నిలబడ్డాడు. "మైకు హారన్‌కి మరీ దగ్గరగా పట్టుకున్నావు," అన్నాడు. "అందుకే కీచుమంది."

"ఊఁ."

ఆమె వైరు చుట్ట మేకుకి తగిలించింది. ఇంకోటి తీసుకుంది. అతని కాళ్లు ఆమెకి కనిపిస్తున్నాయి, ఒకటి చెప్పుతో, ఒకటి దుమ్ముతో. తల ఎత్తితే ఏడుస్తానేమోనని ఎత్తలేదు.

"రేపు పొద్దున..." అన్నాడు అతను. అతని గొంతు అంత చిన్నగా ఉండగలదని ఆమెకి ఆ రోజే తెలిసింది. "నేను కూడా రానా అమ్మా? మైకు లేకుండానే వస్తా. ఓ మూల నిలబడతా. నోరెత్తను."

వెనక సందులో వైరు కట్టి బంతి విసిరిన మనిషి గుర్తొచ్చాడు ఆమెకి. ఆ మనిషి అడిగి ఉంటే రమ్మనేది.

"వద్దు నాన్నా," అంది.